కుట్టుపని ఆన్‌లైన్‌లో నేర్పేవారు ఏది ఉచితంగా ఇవ్వాలి, దేనికి రుసుము తీసుకోవాలి

చేతిలో విద్య, ఫోన్‌లో కెమెరా ఉన్న ప్రతివారినీ ఇంట్లోవాళ్లు ఏదో ఒకనాడు ఈ విషయం అడుగుతారు. తెలిసినదంతా యూట్యూబ్‌లో పెట్టి పదిమందికీ ఉచితంగా నేర్పవచ్చు కదా అని ఒకరంటే, ఇంత కష్టపడి నేర్చుకున్నదాన్ని ఊరికే ఎందుకు ఇవ్వాలి, కోర్సు పెట్టి అమ్మమని మరొకరంటారు. నేను ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. చివరి తొమ్మిదేళ్లుగా కుట్టడంతోపాటు నేర్పుతున్నాను కూడా. ఈ రెండు మాటలూ విని, రెండు దారుల్లోనూ నడిచి చూశాక నాకు స్థిరపడిన పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణలన్నీ కుట్టుపనివే అయినా, వంట నేర్పేవారికీ సంగీతం నేర్పేవారికీ లెక్కలు చెప్పేవారికీ ఈ పద్ధతి చాలావరకు పనికివస్తుంది.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏ నిర్ణయమూ తీసుకోకుండా రెండు వారాలపాటు మిమ్మల్ని ఎవరు ఏమి అడిగినా, వాట్సాప్‌లో అడిగినా, దుకాణంలో నిలబడి అడిగినా, పెళ్లిలో భోజనాల దగ్గర అడిగినా, ఆ ప్రశ్నను అడిగినవారి మాటల్లోనే రాసుకోండి. దాని పక్కన జవాబు చెప్పడానికి మీకు ఎన్ని నిమిషాలు పట్టిందో వేసుకోండి. రెండు వారాల తర్వాత చూస్తే ఆ ప్రశ్నలు వాటంతటవే రెండు గుంపులుగా విడిపోతాయి.

నా పుస్తకంలోంచి రెండు ప్రశ్నలు చెబుతాను. "ఛాతీ 36 ఉంటే బట్ట మీద ఎంత పెట్టుకోవాలండీ?" అన్నది మొదటిది. నాలుగో వంతు 9 అంగుళాలు, దానికి కుట్టుకీ లూజుకీ కలిపి ఒకటిన్నర అంగుళం అన్న జవాబు అడిగినవారు ఎవరైనా మారదు. ఒకసారి శుభ్రంగా వీడియో తీసి పెడితే, దాన్ని వందమంది చూసినా లక్షమంది చూసినా నాకు అదనంగా ఒక్క నిమిషం కూడా ఖర్చు కాదు. రెండోది ఒక ఫోటోతో వచ్చింది. "అక్కా, ముందు వైపు చంక దగ్గర ముడతలు వస్తున్నాయి, ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగారు. ముందు భాగం చంక గుండ్రాన్ని వెనక భాగం కంటే ఒక అర అంగుళం లోపలికి తీయకపోతే అలా ముడత పడుతుంది. అయితే భుజం వెడల్పు ఎక్కువైనా, చెయ్యి తిరగేసి అతికించినా, డాటు (ఛాతీ దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్టు) పక్కకు జరిగినా దాదాపు అలాంటి ముడతే కనిపిస్తుంది. ఆమె విషయంలో కారణమేమిటో తేల్చడానికి నేను జాకెట్టు విప్పదీయించి, ముక్కలను నేలమీద పరిపించి, మరో మూడు ఫోటోలు తెప్పించుకుని చూడవలసి వచ్చింది. దానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై ఐదు నిమిషాలు ఆమె ఒక్కరికే పనికివచ్చాయి.

నా నిర్ణయమంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది. అందరికీ ఒకేలా ఉండేదాన్ని, ఒకసారి చెబితే సరిపోయేదాన్ని ఉచితంగా ఇవ్వండి. ఒక్కొక్కరి పనిని విడిగా చూసి, దిద్ది, మళ్లీ చేయించవలసినదానికి రుసుము తీసుకోండి. చాలామంది తేలిక పాఠాలు ఉచితంగా ఇచ్చి కష్టమైనవి అమ్మాలని అనుకుంటారు. ప్రిన్సెస్ కట్, కటోరి జాకెట్టు కష్టమైనవే, కానీ వాటి కొలతలూ గీతలూ అందరికీ ఒకటే కనుక అవి ఉచిత వీడియోలుగా ఉండడమే మేలు. సాదా జాకెట్టు తేలికైనదే, కానీ దాన్ని మొదటిసారి కుట్టే అమ్మాయి పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ కూర్చోవడానికే వెల.

పెద్ద సంస్థలు నడిచే తీరులోనూ ఇదే కనిపిస్తుంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో పాఠాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, కోర్సులో చేరడానికీ రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారు మాత్రం పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు డబ్బు కట్టాలి. అక్కడ పాఠం అందరిదీ, పరీక్ష ఒక్కరిది.

రికార్డు చేసిన వీడియోలను కోర్సుగా అమ్మడాన్ని నేనూ ప్రయత్నించాను. నలభై పాఠాలు, మూడు నెలల కష్టం. అమ్మకం మొదలైన కొన్ని వారాలకే ఆ పాఠాలన్నీ ఒక టెలిగ్రామ్ గ్రూపులో కనిపించాయి. డబ్బు కట్టి చేరినవారిలో ఎవరో దింపి పెట్టారు. ఫిర్యాదు చేస్తే ఒక గ్రూపు పోయింది, మరొకటి వచ్చింది. చట్టం నా వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం నేను తీసిన వీడియో మీదా, నేను రాసిన నోట్సు మీదా హక్కు నాదే, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఆ హక్కు వీడియోకే తప్ప అందులోని కటింగ్ పద్ధతికి వర్తించదు. నా వీడియో చూసి అదే పద్ధతిని మరొకరు తమ మాటల్లో, తమ బట్టమీద చేసి చూపిస్తే అది దొంగతనం కాదు. నేను కూడా ఆ పద్ధతిని మా మేష్టరు దగ్గర నేర్చుకున్నదాన్నే. ఆ కోర్సును అమ్మడం ఆపి, పాఠాలన్నీ ఉచితంగా పెట్టేశాను. ఆ తర్వాత వాటిని చూసి వచ్చినవారే నా ప్రత్యక్ష తరగతులలో ఎక్కువమంది.

అయితే ఉచితంగా ఇవ్వడమే ఆదాయమవుతుందని అనుకోవద్దు. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతోపాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు రావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. చూసేవారు సగటున నాలుగు నిమిషాలు నిలిచినా 60,000 సార్లు చూడాలి. అది అర్హత మాత్రమే. ఆపైన పెద్ద వీడియోలపై వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం మీకు వస్తుంది. ఆ డబ్బు మీదే ఇల్లు నడుపుకుందామని మొదటి ఏడాది ఆశపడకండి. మీ పనితనం ఎలాంటిదో కొత్తవారికి తెలియజేయడమే ఉచిత పాఠాల మొదటి ప్రయోజనం.

ఉచితంగా ఇచ్చేదాన్ని మాత్రం పూర్తిగా ఇవ్వండి. ఈ విషయంలో నాకు గట్టి పట్టింపు ఉంది. సగం చెప్పి, మిగతాది కోర్సులో చూడమని ఆపేసే వీడియోలు చాలా వస్తున్నాయి. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి అలాంటి వీడియో చూసి తన పెళ్లి పట్టుచీరలోని జాకెట్టు ముక్క కత్తిరించింది. వెనక మెడ పది అంగుళాల లోతు తీయమని అందులో చెప్పారు కానీ, మెడ అంత లోతూ వెడల్పూ అయినప్పుడు భుజం తగ్గించుకోవాలనీ, వెనక నాడా పెట్టకపోతే జాకెట్టు భుజం మీద నిలవదనీ చెప్పలేదు. అది కోర్సులో ఉందట. ఆ బట్ట ఆ చీరలోది, మళ్లీ కొనుక్కుందామన్నా దొరకదు. ఆమె ఆ ముక్కను రెండు చేతులతో పట్టుకుని నా బల్ల మీద పెట్టిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. మీరు తీసే వీడియో పది నిమిషాలదే కావచ్చు, దాన్ని చూసి కత్తెర పట్టినవారి బట్ట మాత్రం పాడవకూడదు. అలాగే భద్రతకు సంబంధించిన ఏ మాటకూ వెల కట్టకూడదు. సూది మార్చేముందు మోటారు స్విచ్చి ఆపమని చెప్పడం మీ మొదటి ఉచిత పాఠంలోనే ఉండాలి.

ఇక వెల కట్టడం. ఇక్కడ మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చాలా తక్కువ చెప్పుకుంటారు. పక్కవారు ఎంత తీసుకుంటున్నారో చూసి అంతకంటే వంద తగ్గించడం లెక్క కాదు. నేను వేసే లెక్క ఇది. పన్నెండు మందితో ఒక బ్యాచి, నెలలో పదహారు తరగతులు, ఒక్కొక్కటి గంటన్నర అనుకుందాం. తరగతులకు 24 గంటలు పడుతుంది. ప్రతి తరగతి తర్వాత ఒక్కొక్కరి పనినీ పది నిమిషాలు చూసి దిద్దితే 1,920 నిమిషాలు, అంటే 32 గంటలు. పాఠం సిద్ధం చేసుకోవడం, నమూనా ముక్కలు కత్తిరించుకోవడం మరో 24 గంటలు. అన్నీ కలిపితే 80 గంటలు. లైనింగ్ జాకెట్టు కుట్టడానికి మూడు గంటలు పట్టి, దానికి మీరు 400 రూపాయలు తీసుకునేవారైతే, ఈ 80 గంటల్లో దాదాపు 27 జాకెట్లు కుట్టి 10,800 రూపాయలు సంపాదించేవారు. దాన్ని పన్నెండు మందికి పంచితే మనిషికి 900. ఇది మీ రుసుము కాదు, మీరు దిగకూడని అడుగుమెట్టు. దీనికి బట్ట, నెట్టు, కరెంటు ఖర్చూ, ఇన్నేళ్ల అనుభవానికి మీరు ఇచ్చుకునే విలువా కలపాలి. దిద్దే గంటలు పాఠం చెప్పే గంటలకంటే ఎక్కువన్నది గమనించండి. చాలామంది లెక్కలో వదిలేసేది దీన్నే, ఆరు నెలల్లో విసిగిపోయి తరగతులు మానేసేదీ దీనివల్లే.

బ్యాచిలో పన్నెండు చోట్లుంటే రెండింటిని కట్టలేనివారికి ఉంచడం నా అలవాటు. వారి పేర్లు మిగతావారికి చెప్పను, వారి పనిని దిద్దడంలో ఒక్క నిమిషం కూడా తగ్గించను. ఆ రెండు చోట్లనూ లెక్కలోనే పెట్టుకుని 10,800ను పదితో భాగించుకుంటాను, అప్పుడు అడుగుమెట్టు 1,080 అవుతుంది. దయను లెక్కలో పెట్టుకున్నప్పుడే దాన్ని ఏళ్ల తరబడి కొనసాగించగలిగాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. రుసుము విషయం నోరు తెరిచి చెప్పడం అలవాటు చేసుకోవాలి. "ఒక్క ఫోటోనే కదా వదినా, చూసి చెప్పు" అని అడిగే దగ్గరివారికి నేను ఇలా రాస్తాను: "అమ్మా, ఈ సందేహానికి జవాబు ఫలానా వీడియోలో ఉంది, ముందు అది చూడు. చూశాక కూడా కుదరకపోతే శనివారం సాయంత్రం విడిగా కూర్చుని చూస్తాను, దానికి ఇంత తీసుకుంటున్నాను." కోపగించుకున్నవారు లేకపోలేదు, కానీ ఎక్కువమంది వీడియో చూసి తామే సరిచేసుకున్నారు.

విదేశాల్లో ఉన్న తెలుగువారి గురించి విడిగా చెప్పాలి. అమెరికాలో జాకెట్టు కుట్టేవారు దగ్గరలో దొరకరు, దొరికినా కూలి చాలా ఎక్కువ. ఆది జాకెట్టు పెట్టి ఇండియాకు పంపి, కుట్టించి తెప్పించుకునేవారు ఎందరో ఉన్నారు. వారికి నేర్చుకోవాలన్న అవసరం నిజమైనది, సమయమే కుదరాలి. వేసవిలో న్యూజెర్సీకీ మనకూ తొమ్మిదిన్నర గంటల తేడా. ఇక్కడ ఉదయం ఆరున్నరకు తరగతి పెడితే అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది అవుతుంది, పిల్లలు పడుకున్న వేళ. వారికీ ఇక్కడివారికీ ఒకే రుసుము ఉండనక్కరలేదని నా అభిప్రాయం.

పన్ను సంగతి చిన్నదే కానీ మరచిపోకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సేవల ద్వారా ఏడాదికి వచ్చే మొత్తం 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అందులో తరగతుల రుసుమే కాదు, అదే పాన్ మీద నడిచే మీ కుట్టు దుకాణం రాబడి కూడా కలుస్తుంది.

అన్ని విద్యలనూ ఇలా అమ్మడానికి వీలుండదు. రుసుము తీసుకుని షేర్ల గురించి పెట్టుబడి సలహా ఇవ్వాలంటే 2013 నాటి నియమాల ప్రకారం, షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. న్యాయవాదులు తమ వృత్తిని ప్రకటనలతో ప్రచారం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించాయి. ఫోన్‌లో వైద్యం చెప్పడానికి 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు రిజిస్టరయిన డాక్టర్లకే అనుమతిస్తున్నాయి. మీది అలాంటి వృత్తి అయితే వెల గురించి ఆలోచించే ముందు మీ వృత్తి నియమాలు చదవండి.

చివరగా, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. డబ్బుకు అమ్మినదాన్ని తర్వాత ఉచితం చేస్తే ఎవరూ బాధపడరు, కానీ ఉచితంగా ఉన్నదాన్ని తీసేసి వెల పెడితే అప్పటిదాకా దాన్ని నమ్ముకున్నవారు నొచ్చుకుంటారు. అందువల్ల మొదటి బ్యాచిని చిన్నదిగా, రుసుముతో పెట్టి, అందులో పదేపదే వచ్చిన సందేహాలకు జవాబులను తర్వాత ఉచిత వీడియోలుగా మార్చండి. కుట్టుపనివారికి ఇందుకు ఆషాఢం అనువైన నెల. పెళ్లిళ్లుండవు, కుట్టుబట్టలు తగ్గుతాయి, రోజుకు మూడు గంటలు మిగులుతాయి. జ్యేష్ఠంలోనే తెలిసినవారికి చెప్పి పన్నెండు మందిని కూడగట్టుకుని, వారానికి నాలుగు తరగతుల చొప్పున నాలుగు వారాల్లో పదహారూ పూర్తిచేస్తే, శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతానికి కొత్త జాకెట్లు కావాలని జనం మీ గుమ్మం ఎక్కేసరికి మీ బ్యాచి ముగిసి ఉంటుంది, నేర్చుకున్నవారిలో ఇద్దరు ముగ్గురు మీకు హెమ్మింగుకూ హుక్సుకూ చేతిసాయంగా కూడా వస్తారు.