బురదలో ఆర్గో చతికిలబడుతోందా? ముందు క్లచ్‌లు చూడండి

కెనడాలో నేనుండే కిచెనర్ పక్కనే న్యూ హాంబర్గ్ అనే చిన్న ఊరుంది. 1967లో ఆర్గో బండి పుట్టింది అక్కడే. ఎనిమిది చక్రాలు, పడవలాంటి తొట్టి. నేల మీద నడుస్తుంది, చెరువులో దిగితే తేలుతూ టైర్లతోనే నీళ్లను తోసుకుంటూ పోతుంది. నా దగ్గరున్నది పాతది. తిన్నగా పోయినంతసేపూ బాగానే ఉండేది. బీవర్లనే జంతువులు కట్ట కట్టిన మడుగు ఒడ్డున, బురదలో మలుపు తిప్పగానే ఇంజిన్ గొంతు పడిపోయేది. కార్బ్యురేటర్ విప్పాను, ప్లగ్గులు మార్చాను. లోపం అక్కడ లేదు.

మన యాక్టివా స్కూటర్‌లో ఉండే ఏర్పాటులాంటిదే ఇందులోనూ ఉంది. ఇంజిన్ షాఫ్ట్ మీద ఒక క్లచ్, గేర్‌బాక్స్ మీద ఇంకొకటి, మధ్యలో వెడల్పాటి బెల్టు. వేగం పెరిగేకొద్దీ ముందు క్లచ్‌లోని వెయిట్లు విచ్చుకుని పుల్లీ పలకల్ని దగ్గరికి నొక్కుతాయి, స్ప్రింగు వాటిని ఆపుతూ ఉంటుంది. వెనక క్లచ్‌లో స్ప్రింగు, ఏటవాలు క్యామ్ ఉంటాయి. లోడు పడగానే ఇవి బెల్టును బిగించి పట్టి, తిరిగి తక్కువ గేరులోకి లాగాలి. ఆర్గోకి ఇదే ప్రాణం. ఎందుకంటే ఇక్కడ మలుపు తిప్పడమంటే ఒకవైపు చక్రాలను బ్రేకుతో పట్టి ఉంచడమే. తిప్పిన ప్రతిసారీ ఇంజిన్ మీద ఒక్కసారిగా బరువు పడుతుంది.

అయినా క్లచ్ మీద చెయ్యి వేసే ముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి గట్టి నేల మీద తోసి చూడండి, తేలిగ్గా దొర్లాలి. నా బండిలో ఎడమ బ్రేకు కొద్దిగా పట్టేసి ఉంది. చెయిన్లు మరీ బిగుతుగా ఉన్నా ఇంతే. ఒక పక్క చక్రాలన్నీ చెయిన్లతో కలిసి తిరుగుతాయి కాబట్టి టైర్ల చుట్టుకొలత టేపుతో కొలిచి, గాలి సమానం చేయండి. లేకపోతే ఒక టైరు ఇంకోదాన్ని ఈడుస్తూ ఉంటుంది.

తర్వాత ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి, ప్లగ్ వైర్లు ఊడదీసి గార్డు విప్పండి. పుల్లీ పలకల మీద నల్లటి మెరుపు పేరుకుని ఉంటే గరుకు ప్యాడ్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మా ఊళ్లో పిండిమర బెల్టు జారితే రోజనం రాసేవాళ్లు. ఇక్కడ ఆ పని అస్సలు వద్దు, గ్రీజు అసలే వద్దు. ఈ బెల్టు పుల్లీ మీద పైకీ కిందికీ జారుతూ ఉండాలి. వెనక పుల్లీ కదిలే పలకను చేత్తో ఊపి చూడండి. లొడలొడలాడితే బుష్ అరిగిపోయినట్టే. అది మార్చకుండా స్ప్రింగులతో కుస్తీ పట్టి లాభం లేదు.

ఇక అసలు పని. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్, ప్లగ్ వైరుకి చుట్టే చిన్నది, ఒకటి కొనండి. చెవిని నమ్ముకుంటే కుదరదు. నా ఇంజిన్‌ను, వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ అనే భాగం 3600 ఆర్‌పీఎం దగ్గర ఆపుతుంది. లో గేరులో థ్రాటిల్ పూర్తిగా నొక్కి గట్టు ఎక్కినప్పుడు 3400 చూపించింది. మలుపులో 2600కి పడిపోయింది. ఈ రెండు అంకెలే జబ్బు ఎక్కడుందో చెప్పాయి. తిన్నగా ఎక్కేటప్పుడు కూడా పడిపోతే ముందు క్లచ్ వెయిట్లు ఎక్కువ బరువున్నట్టు, వాటిని తేలిక చేయాలి. అన్నీ ఒకే బరువు ఉండాలి, గ్రాముల త్రాసు మీద తూచండి. తిన్నగా బాగుండి మలుపులోనే పడిపోతే వెనక స్ప్రింగు చాలడం లేదన్నమాట.

వెనక స్ప్రింగు కొన చొప్పించడానికి వరసగా రంధ్రాలుంటాయి. స్ప్రింగు నొక్కుడులో ఉంటుంది, పొడవాటి బోల్టుతో పట్టి ఉంచి మెల్లగా వదలండి, ముఖం దగ్గర పెట్టొద్దు. నేను బిగుతు పెరిగేలా రెండు రంధ్రాలు ముందుకు జరిపాను. మలుపులో 3300 దాటింది, చాలా సంతోషమేసింది. కానీ ముందు పుల్లీ పలక మీద మధ్య నుంచి అంచు దాకా మార్కర్‌తో గీత గీసి, హై గేరులో ఒక రౌండు తిప్పి చూస్తే, అంచు దగ్గర బొటనవేలంత గీత చెరగకుండా మిగిలింది. అంటే బెల్టు పైదాకా ఎక్కడం లేదు, వేగం పోయింది. ఒక రంధ్రం వెనక్కి వచ్చాను. గీత దాదాపు పూర్తిగా చెరిగింది, మలుపులో 3200 నిలిచింది. నాకు అదే చాలు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, పుస్తకంలో రాసుకోండి.

ముందు క్లచ్‌కి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) స్ప్రింగు సరిపోతుందని ఎవరైనా చెబితే తీసుకోకండి. నేను తీసుకుని ఒక బెల్టు కాల్చుకున్నాను. ఆ ఇంజిన్లు చాలా వేగంగా తిరుగుతాయి, వాటి క్లచ్ 3000 దాటాకే పట్టుకుంటుంది. మనకు గవర్నర్ 3600 దగ్గరే ఉంది కదా, మిగిలేదెంత? రాకీ పర్వతాల వైపు వెళ్లేవాళ్లు మాత్రం ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే ఇంజిన్ శక్తి దాదాపు 3 శాతం తగ్గుతుందని గుర్తుపెట్టుకుని వెయిట్లు తేలిక చేసుకోవాలి.

నీళ్లలో పరీక్ష చివర్లో పెట్టుకోండి. తొట్టిలోంచి నీళ్లు వదిలే డ్రెయిన్ ప్లగ్గులు బిగించి, లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డు వెంబడే తిప్పండి. క్లచ్ ఎంత సరిచేసినా నీళ్లలో మనిషి నడకంత వేగమే వస్తుంది. ఇంజిన్ మోగుతున్నా బండి కదలకపోతే తొట్టిలోని నీళ్లు బెల్టు మీద చిమ్ముతున్నట్టు. థ్రాటిల్ తగ్గించి ఒడ్డుకు రండి, ఇంజిన్ ఆపి, గార్డు తీసి, బెల్టూ పలకలూ పొడిగుడ్డతో తుడిచాకే మళ్లీ దిగండి.