వరద మీద రెండు పాఠాలిస్తే పిల్లలు ఎక్కడ తడబడతారు: సమస్య - పరిష్కారం

ఒకే విషయం మీద రెండు సమాచార పాఠాలు ఇచ్చి పోల్చమంటే ఐదు, ఆరు తరగతుల పిల్లలు చేసే తప్పులు దాదాపు ఒకేలా ఉంటాయి. గోదావరి జిల్లాల బడుల్లో దీనికి వరదను మించిన విషయం లేదు. ఎర్రనీళ్లు దిగే రోజుల్లో పేపరు వార్త ఒకటి, అదే రోజు అధికారులిచ్చిన వరద బులెటిన్ ఒకటి తీసుకోండి.

సమస్య: పోల్చమంటే రెండు సారాంశాలు రాస్తారు

"మొదటి దాంట్లో వరద గురించి ఉంది. రెండో దాంట్లో కూడా వరద గురించి ఉంది." తర్వాత ఒక్కోదాని సారాంశం, అంతే.

కారణం మన దగ్గరే ఉంది. పోల్చమన్నాం గానీ దేన్ని పోల్చాలో చెప్పలేదు.

చదవకముందే బోర్డు మీద రెండు మూడు ప్రశ్నలు రాయండి: నీళ్లు ఎంత వచ్చాయి? ఎవరికి ఇబ్బంది? రేపు ఏమవుతుందంటున్నారు? ఎడమ పక్కన ప్రశ్నలు, పైన రెండు పాఠాల పేర్లు పెట్టి గళ్లు గీయించండి. ఒక ప్రశ్నకి రెండు గళ్లూ చూశాకే కింది ప్రశ్నకి వెళ్లాలి. జవాబు దొరక్కపోతే గడి ఖాళీగా వదలమనండి, ఊహించి నింపనివ్వకండి. లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల మీది ఊళ్లలో, పశువుల్ని గట్టు మీదికి తోలిన సంగతి బులెటిన్‌లో ఉండదు. గంట గంటకీ నీటిమట్టం వార్తలో ఉండదు. పోలిక ఆ ఖాళీల దగ్గరే మొదలవుతుంది. "వార్త ఇది చెబుతోంది, బులెటిన్ మాత్రం..." అని వాక్యం మీరే మొదలుపెట్టి ఇవ్వండి.

సమస్య: "సార్, రెండిట్లో ఒకటి తప్పు"

ఇది వచ్చిందంటే సంతోషించాలి, పిల్లాడు నిజంగా చదివాడన్నమాట. మొదటి ప్రమాద హెచ్చరిక ఒక కాగితంలో 43 అడుగులు, ఇంకో దాంట్లో 11.75 అడుగులు. రెండూ గోదావరే, రెండూ నిజమే. 43 భద్రాచలం దగ్గర లెక్క, 11.75 ధవళేశ్వరం దగ్గర లెక్క. రెండో హెచ్చరిక అక్కడ 48, ఇక్కడ 13.75. మూడోది అక్కడ 53, ఇక్కడ 17.75. ఎక్కడి కొలబద్ద అక్కడిది, సున్నా పెట్టిన చోటు వేరు. భద్రాచలంలో నది నాలుగింతలు లోతని కాదు.

జవాబు వెంటనే చెప్పేయకండి. అంకెలు కలవనప్పుడల్లా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేయండి: ఎక్కడిది? ఎప్పటిది? దేన్ని కొలిచారు? మూడోది పిల్లలు ఎక్కువగా మర్చిపోతారు. అడుగులు చెప్పేది నీటి ఎత్తు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు ప్రవాహం. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక నాటికి దాదాపు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతాయి. ఒకరు అడుగుల్లో, ఇంకొకరు క్యూసెక్కుల్లో రాస్తే అది గొడవ కాదు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1847 అని ఒక పాఠం, 1852 అని ఇంకో పాఠం అన్నా అంతే: మొదలైన ఏడు ఒకటి, పూర్తయిన ఏడు ఒకటి. ఈ మూడూ అడిగాక కూడా తేడా మిగిలితే అప్పుడు మూడో పాఠం వెతకండి.

సమస్య: "దీంట్లో బొమ్మలున్నాయి, దాంట్లో లేవు"

కంటికి ముందు కనబడేది అదే కాబట్టి అదే రాస్తారు. కొట్టేయకండి. "ఆ ఫొటో చెప్పింది, రాతలో లేనిది ఏంటి?" అని అడగండి చాలు.

సమస్య: ఏది మంచిదంటే వార్తే అంటారు

మంచిది అన్న మాటే చిక్కు తెస్తోంది. ఎవరి అవసరానికో చెప్పకుండా ఆ ప్రశ్న అడగకూడదని నా అభిప్రాయం. "లంకలో ఉన్న మీ మావయ్య సామాను సర్దుకోవాలా వద్దా తేల్చుకోవాలి. ఏ కాగితం ఇస్తారు?" అని అడిగి చూడండి, చేతులు బులెటిన్ వైపు వెళ్తాయి. "కాజ్‌వే మునిగితే బడికెళ్లే పిల్లల అవస్థ రాయాలి" అనండి, మళ్లీ వార్త వైపు వస్తారు.

సమస్య: క్లాసంతా మౌనం

చాలాసార్లు ఒక పాఠం అసలు అర్థం కాలేదు. బులెటిన్‌లో ఇన్‌ఫ్లో (వచ్చే నీరు), అవుట్‌ఫ్లో (కిందికి వదిలే నీరు) లాంటి మాటలు పెద్దవాళ్లకే టెన్షన్. ఆ రోజుకి పోలిక ఆపేసి, దాన్ని మీరే పైకి చదివి, పిల్లల చేత రెండు వాక్యాల్లో చెప్పించండి. అది వచ్చేదాకా రెండో కాగితం పంచకండి.