డేనిష్ నోయిర్ రాయాలంటే: తలుపు మీది పేరు, పది అంకెల నంబరు

ఒకరిని మరొకరనుకోవడం, దాంట్లోంచి పుట్టే నిషిద్ధ ప్రేమ: ఈ రెండూ ఉన్న డేనిష్ నోయిర్ (నేరం, అపరాధభావం నిండిన చీకటి కథ) స్క్రిప్ట్ ఎలా రాయాలో చూద్దాం. ఒకరిని చూసి మరొకరనుకునే కథ అనగానే మనకు ముందు తట్టేది ద్విపాత్రాభినయం. కోపెన్‌హాగెన్‌లో నడిచే నోయిర్ కథకు ఆ దారి పనికిరాదు. ముఖాలు కలవడంలో ఎవరి తప్పూ ఉండదు, నోయిర్‌కి తప్పు కావాలి. పొరబడటం ఒక్క క్షణంలో అయిపోతుంది. దాన్ని దిద్దకుండా ఊరుకోవడం మాత్రం రోజూ చేయాల్సిన పని, కథ నడిచేది ఆ ఊరుకోవడం మీదే. కాబట్టి ముందుగా వెతకాల్సింది పోలిక కాదు, నోరు మెదపకపోవడానికి నమ్మదగిన ఒక చిన్న కారణం.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. కోపెన్‌హాగెన్‌లోని వెస్టర్‌బ్రో అనే పేటలో పాత ఐదంతస్తుల భవనం. అలాంటి వాటిలో మెట్లెక్కితే అంతస్తుకు రెండేసి వాటాలు ఉంటాయి. చిరునామాలో అంతస్తు రాసి, పక్కన ఎడమో కుడో రాస్తారు. వీధి తలుపు దగ్గర బెల్లు మీటల పక్కన, పైన వాటా తలుపు మీద ఇంటివాళ్ల పేరు ఉంటుంది. మూడో అంతస్తు కుడివైపు తలుపు మీద ‘హోల్మ్’ అని ఉంది. లోపల ఉంటున్నది యెన్స్ అనే వడ్రంగి. భవన సంఘానికి తెలియకుండా హోల్మ్ దగ్గర అద్దెకు తీసుకున్నాడు, అందుకే తన పేరు పెట్టుకోలేదు. ఇల్లు మారిన 5 రోజుల్లో మునిసిపాలిటీకి తెలపాలన్న నియమం ఉన్నా తెలపలేదు. ఒక సాయంత్రం కారెన్ అనే ఆవిడ తలుపు తట్టి “హోల్మ్?” అంటుంది. సంఘం మనిషేమోనని యెన్స్ తలూపుతాడు. నిజం చెబితే పోయేది అద్దె ఇల్లే, అంతకంటే పెద్ద కారణం పెట్టొద్దు. డబ్బు కోసమో ఆమె కోసమో తలూపితే అతను మోసగాడైపోతాడు, ఇక అతని భయం మనది కాదు.

కారెన్ భర్త మూడేళ్ల కిందట హోల్మ్ తాగి నడిపిన కారు గుద్ది చనిపోయాడు. ‘నిషిద్ధం’ అన్న మాట దగ్గర చాలా కథలు దెబ్బతింటాయి. మన దగ్గర ప్రేమకు అడ్డం పడే కులం, పెద్దల పంతం అక్కడ పనిచేయవు. స్వలింగ జంటలకు చట్టప్రకారం నమోదు హక్కు ఇచ్చిన మొదటి దేశం డెన్మార్క్, అదీ 1989లో. అక్కడ నిషేధం ఆమె లోపలి నుంచే రావాలి: భర్తను చంపినవాడిని ప్రేమించడం. అది పాపమని ఆమె అనుకుంటుంది, కాదని అతనికి తెలుసు. నిజం చెబితే నిషేధం తొలగిపోతుంది, దాంతోపాటు నమ్మకమూ పోతుంది. ముడి సరిగా పడిందో లేదో ఇలా చూసుకోండి: పొరపాటును కథలోంచి తీసేశాక కూడా ప్రేమ నిషిద్ధంగానే మిగిలితే, మీ దగ్గర ఉన్నవి పక్కపక్కన పెట్టిన రెండు కథలు.

ఇంకొకటి కచ్చితంగా పాటించండి. ఆమె దగ్గరవుతున్నది హోల్మ్ అనుకున్న మనిషికి. ఆ పొరపాటును వాడుకుని ఆమెతో శారీరకంగా కలవడం డేనిష్ చట్టంలో నేరం, దానికి విడిగా ఒక సెక్షనే ఉంది. అతను ఆ గీత దాటితే కథ అక్కడితో చచ్చిపోతుంది. అతన్ని ప్రతిసారీ వెనక్కి తగ్గనివ్వండి. అతను ఎందుకు తగ్గుతున్నాడో ఆమెకు తెలియదు, అవమానపడుతుంది. కోరిక పెరిగేది అక్కడే.

“మూడేళ్లలో ఆమె హోల్మ్ ముఖం చూడలేదా?” అని పాఠకుడు ఐదో పేజీలోనే అడుగుతాడు. జవాబు అక్కడి పద్ధతుల్లోనే ఉంది. విచారణ జరుగుతుండగా కోర్టులో ఫొటోలు తీయకూడదు. నిందితుడి పేరు బయటపెట్టొద్దని కోర్టు ఆదేశించవచ్చు. పత్రికలు కూడా చాలాసార్లు పేరు బదులు ‘41 ఏళ్ల వ్యక్తి’ అని వేసి ఊరుకుంటాయి. కారెన్ విచారణకు వెళ్లలేకపోయింది, కేసు కాగితాల్లో పేరు మాత్రమే చూసింది. ఆ 41ని గుర్తుపెట్టుకోండి. మొదటి కలయికలోనే ఆమెతో అనిపించాలి: “అప్పుడు నీకు 41. ఆయనకు 39.”

ఇక అబద్ధాన్ని కష్టపెట్టాలి. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి మనిషికీ సీపీఆర్ అనే జనాభా నమోదు నంబరు ఉంది. మొత్తం పది అంకెలు: పుట్టిన రోజు, నెల, సంవత్సరం రెండేసి అంకెలు, తర్వాత మరో నాలుగు. చివరి అంకె బేసి అయితే మగ, సరి అయితే ఆడ. డాక్టరు, బ్యాంకు, జీతం, లైబ్రరీ, అన్నీ దానితోనే నడుస్తాయి. పైగా 2013లో వచ్చిన మొబైల్‌పే చాలామంది చేతిలో ఉంది. అందులో డబ్బు పంపితే పేరు కనబడుతుంది. బేకరీలో ఆమె ఇద్దరికీ కట్టేసి “సగం నాకు పంపు” అంటే యెన్స్ జేబులోంచి నాణేలు లెక్కపెట్టి ఇస్తాడు. ఆ సీనుకు సంగీతం అక్కర్లేదు. ఇలాంటి ఇరుకులు నాలుగైదు చాలు. పది పెడితే అతను ఆరితేరినవాడిలా కనిపిస్తాడు.

కాలానికి కొలతగా డిసెంబరును వాడుకోండి. 1 నుంచి 24 దాకా అంకెలు గీసిన క్యాలెండర్ కొవ్వొత్తి ఎన్నో డేనిష్ ఇళ్లలో ఉంటుంది. రోజుకు ఒక గీత కరిగేదాకా వెలిగించి ఆర్పేయాలి. ఆర్పడం మరచిపోతే రోజులు కరిగిపోతాయి. ఇద్దరూ మొదటిసారి రాత్రంతా మాట్లాడుకున్న రోజున కొవ్వొత్తి 14 నుంచి 17కి దిగిపోవాలి. మర్నాడు ఉదయం అది ఒక్క షాట్‌లో చూపిస్తే ఇంకేమీ చెప్పక్కర్లేదు.

వెలుతురు విషయంలో అందరూ చేసే పొరపాటు మంచు. కోపెన్‌హాగెన్ చలికాలంలో మంచు కంటే తడి, బూడిదరంగు ఎక్కువ. కొండలు అసలే లేవు, దేశంలోని ఎత్తైన సహజస్థలం కూడా సుమారు 171 మీటర్లే. డిసెంబరు మూడో వారంలో ఎనిమిదిన్నర దాటాక తెల్లారుతుంది, మధ్యాహ్నం మూడున్నర దాటితే పొద్దుగూకుతుంది. నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 11 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, కాబట్టి ఎండ ఉన్న రోజున నీడలు పొడుగ్గా సాగి ఉంటాయి. నాలుగు గంటలకే దీపాలు వెలుగుతాయి, చాలా కిటికీలకు కర్టెన్లు వేయరు. ఎవరైనా వీధిలో నిలబడి మూడో అంతస్తులోకి చూడొచ్చు. కారెన్ మరిది చూసేది అలాగే.

సంభాషణలో తెలుగుకు ఉన్న ఒక సౌకర్యం, మీరు, నువ్వుల తేడా, వదులుకోండి. డేనిష్‌లో 1970ల నుంచి దాదాపు అందరికీ ‘నువ్వే’. దూరం, దగ్గర తెలియాలంటే పేరు చూడాలి. ఆమె మొదట కోపంగా ‘హోల్మ్’ అని ఇంటిపేరుతో పిలుస్తుంది, తర్వాత హోల్మ్ సొంత పేరుతో ‘హెన్రిక్’ అంటుంది. ఆ పిలుపు ఎంత మెత్తనైతే అతనికి అంత గుచ్చుకుంటుంది, అది తన పేరు కాదు. అందుకే తెలుగులో రాసేటప్పుడు మీరు, నువ్వుల మార్పును ఆమె మాటల్లో పెట్టకుండా పేరుకే వదిలేయండి.

అసలు నిజం ప్రేక్షకుడికి ఎప్పుడు తెలియాలి? వంద పేజీల స్క్రిప్ట్ అయితే పన్నెండో పేజీ లోపే. చివరిదాకా దాస్తే మిగిలేది ఒక్క ఉలికిపాటు. ముందే చెబితే ప్రతి తలుపు చప్పుడుకూ భయం. నిజం తెలిసిన మనిషి కథలో ఒక్కరు చాలు: ఎదురు వాటాలో ఉండే ముసలావిడ. అసలు హోల్మ్ అరవయ్యో పేజీ ప్రాంతంలో రావాలి, విలన్‌గా కాదు, అలసిపోయి తాగుడు మానిన మనిషిగా. తన పేరు మీద ఒకడు క్షమను సంపాదించుకున్నాడని తెలిసినప్పుడు అతను పడే బాధకు రెండు మూడు పేజీలు ఇవ్వండి.

23వ తేదీ రాత్రి మెట్ల మీద మరిది, హోల్మ్ అనుకుని, యెన్స్‌ను పొడుస్తాడు. 112కి ఫోన్ చేసేది కారెనే. అంబులెన్సులో ఆమె పక్కనే ఉండగా సీపీఆర్ నంబరు అడుగుతారు. అతను అంకెలను జతలుగా చెబుతాడు: రోజు, నెల. మూడో జత 86. హోల్మ్‌కు ఇప్పుడు 44 కావాలి, కథ జరుగుతున్నది 2023లో. ఆమె లెక్క వేసుకునేంత సేపు కెమెరా ఆమె మీదే ఉంచండి. మిగతా నాలుగు అంకెలు సైరన్‌లో కలిసిపోయినా ఫర్వాలేదు. యెన్స్‌తో సంజాయిషీ చెప్పించొద్దు.

ఆఖరి సీనుకు క్రిస్మస్ బహుమతి చీటీ పనికొస్తుంది. ఎవరికి, ఎవరి నుంచి అని రెండు పేర్లు రాసే చిన్న కార్డు అది. 22న ఆమె కట్టిన పొట్లం మీద ‘హెన్రిక్‌కి’ అని ఉంటుంది. 24 సాయంత్రం ఆసుపత్రి బల్ల మీద అదే పొట్లం, కొత్త కార్డు. ‘నుంచి’ పక్కన కారెన్ అని రాసి ఉంటుంది, ‘కి’ పక్కన ఖాళీ.