నీటి ధారతో ఎముకకు రంధ్రం: లోతు దిగకపోతే ముందు పంపును తిట్టకండి

డ్రిల్ బిట్ రాపిడికి ఎముక 47 డిగ్రీలకు చేరి ఒక్క నిమిషం అలాగే ఉంటే అక్కడి కణాలు దెబ్బతింటాయి. పైగా చీలమండ లాంటి ఇరుకు కీలులోకి నిటారు బిట్ దూరదు. ఎముకను తొలిచే అధిక ఒత్తిడి నీటి ధారైతే వంగే గొట్టంలోంచి వెళ్తుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో దీనిమీద పరిశోధన జరిగింది. ఆపరేషన్ థియేటర్లలో ఇంకా మామూలు వాడుకలోకి రాలేదు కాబట్టి, ఇది ల్యాబ్‌లో మేక ఎముకతో కుస్తీ పడేవాళ్ల కోసం.

గేజి 700 బార్ ఒత్తిడి చూపిస్తోంది, ఎముక మీద గుంట కూడా పడట్లేదు

ఎముక తీసేసి ధారను చూడండి. సన్నటి గాజు పుల్లలా రావాలి. మూతి దగ్గరే తుంపరగా విచ్చుకుంటే నాజిల్‌లో (ధార బయటికొచ్చే సన్న మూతిలో) ఏదో ఇరుక్కుంది. మేమొకసారి రెండు రోజులు పంపు సీళ్లు మార్చుకుంటూ కూర్చున్నాం. చివరికి మైక్రోస్కోపు కింద పెడితే తేలింది, ఫిల్టర్ బిగించేటప్పుడు తెగిన టెఫ్లాన్ టేపు పోగు! 0.3 మి.మీ. రంధ్రానికి అది చాలు. నాజిల్ విప్పి వెనక నుంచి నీళ్లు కొట్టండి, అల్ట్రాసోనిక్ బాత్‌లో (శబ్ద తరంగాలతో శుభ్రం చేసే తొట్టిలో) వెయ్యండి. సూదితో మాత్రం పొడవకండి, అంచు చిట్లితే ఇక మార్చడమే. లీకు వెతకడానికి చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి నీరు చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క పట్టి చూడండి.

ధార బాగానే ఉంటే దూరం చూడండి. కీలులో సెలైన్ నింపి ఉంటే ధార కొద్ది దూరంలోనే నీరసపడుతుంది, నాజిల్‌ను ఇంకా దగ్గరికి జరపాలి.

అదే సెట్టింగ్, ఒక రంధ్రం లోతు, పక్కది పైపైనే

నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. ఇక్కడ మిషన్‌లో తప్పేమీ ఉండదు. పై గట్టి పొర ఒకచోట మందంగా, ఇంకోచోట పల్చగా ఉంటుంది. లోపలి స్పాంజి ఎముకలో ఖాళీలు సెంటీమీటరు దూరంలోనే మారిపోతాయి. బల్ల మీదైతే నష్టం లేదు, మనిషి ఒంట్లో ఆ రంధ్రం వెనక ఏముందో ఆలోచించండి. ఒకే సెట్టింగ్ అన్నిచోట్లా వాడటం మానాలి. ముందు సీటీ స్కాన్‌లో ఎముక సాంద్రత చూసి, ఆ చోటుకు తగ్గ ఒత్తిడి, నాజిల్ ఎంచుకోవాలి.

సెకన్లు పెంచినా లోతు పెరగట్లేదు

రంధ్రానికి దారి ఒక్కటే. లోపలికి వెళ్లే నీరు, బయటికొచ్చే నీరు అక్కడే గుద్దుకుంటాయి, కొంత లోతు తర్వాత ధార బలమంతా అందుకే పోతుంది. సమయం పెంచి లాభం లేదు, నాజిల్ రంధ్రం సైజైనా పెంచాలి, ఒత్తిడైనా పెంచాలి. అయితే లెక్క వేసుకోండి: 700 బార్‌లో 0.6 మి.మీ. నాజిల్ సెకనుకు 60 మిల్లీలీటర్లకు పైనే పోస్తుంది. ఐదు సెకన్లకు 300 మిల్లీలీటర్లు! మోకాలిలో అంత చోటెక్కడిది? ధార వదలకముందే నీటిని పీల్చేసే సక్షన్ గొట్టం నాజిల్ పక్కన పనిచేస్తూ ఉండాలి.