ఊపిరి చాలడం లేదనుకునే ముందు: బ్యాండు పిల్లల సమస్యలు - పరిష్కారాలు

విజయనగరంలో బడి బ్యాండు పిల్లలకు క్లారినెట్, ట్రంపెట్ నేర్పుతున్న నాకు, ఆగస్టు 15 కవాతు దగ్గరపడేకొద్దీ తల్లిదండ్రుల నుంచి తరచుగా వినిపించే మాట "మావాడికి ఊపిరి చాలడం లేదండీ" అన్నది. చాలాసార్లు లోపం ఊపిరిలో ఉండదు.

క్లారినెట్ కీచుమంటోంది

ముందుగా పిల్లవాడిని ఒక కింది స్వరం నిలిపి ఊదమని, రంధ్రాలను మీ వేళ్ళతో మూయండి. కీచు ఆగిపోతే తప్పు వాడి వేళ్ళది. ఊదిన వెంటనే వేలి కొసల మీద రంధ్రం ముద్ర గుండ్రంగా పడి ఉండాలి. అర్ధచంద్రాకారంలో పడితే ఆ వేలి కింద నుంచి గాలి జారుతున్నట్టే. చిన్న చేతుల్లో కుడి ఉంగరపు వేలు ఎక్కువగా ఇలా తప్పుతుంది. వేళ్ళన్నీ సరిగా ఉన్నా కీచుమంటే, కుడి చూపుడు వేలి మొదలు పక్క మీటలకు తగులుతోందేమో చూడాలి.

మీరు మూసినా కీచు ఆగకపోతే, నోట పెట్టుకునే చోట బిగించే పలుచని రెల్లు బద్ద, అంటే రీడ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. అంచున వెంట్రుకంత చీలిక కనిపించినా దానిని మార్చవలసిందే. కొత్తగా నేర్చుకునే పిల్లలకు 2 లేదా 2½ బలం గల రీడ్ చాలు. గట్టి రీడ్ ఇచ్చి, పిల్లవాడు ఆయాసపడుతుంటే ఊపిరి లేదనడం అన్యాయం.

ట్రంపెట్ వాల్వు నొక్కితే పైకి రావడం లేదు

డిసెంబరు ఉదయాల్లో ఈ ఫిర్యాదు వస్తే నేను మొదట అడిగేది, ఇంట్లో కొబ్బరినూనె రాశారా అని. సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకట్టే నూనె సన్నని వాల్వు సందులో ఏం చేస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. వాల్వులను ఒక్కొక్కటిగా తీసి, గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, నూలుపోగు వదలని గుడ్డతో తుడిచి, మూడు నాలుగు చుక్కల వాల్వు ఆయిల్ వేయాలి. వాల్వుల మీద 1, 2, 3 అంకెలు ఉంటాయి. వాటిని ఎక్కడివక్కడ పెట్టి, గాడిలో పడేవరకు తిప్పాలి. తరువాత ఊదితే గాలి గోడకు తగిలినట్టు ఆగిపోతోందంటే, ఏదో ఒక వాల్వు తారుమారైంది.

ట్రంపెట్ లోపల గుడగుడమంటోంది

అది ఊపిరి తేమ చేరి నీరైనది. నీటి మీట నొక్కి ఊదితే పోతుంది.

పై స్వరాలు రావడం లేదు, పెదవుల మీద తెల్లని వలయం పడుతోంది

మౌత్‌పీస్‌ను పెదవులకు బలంగా అదుముతున్నందువల్ల ఇలా జరుగుతుంది. పెదవి కొసలు బిగించి, మధ్యభాగం సడలించి, మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని ఊదించండి; ఎంతసేపు ఊదితే అంతసేపు విశ్రాంతి ఇవ్వండి. ముందు పళ్ళు ఊడిన పిల్లలకు కొత్తవి వచ్చేదాకా డ్రమ్ము ఇవ్వడమే మేలు.

ఇంట్లో హార్మోనియంతో శృతి కలవడం లేదు

1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరిది; తాతగారు "తప్పు శృతిరా" అని మందలించిన పిల్లలు నాకు తరచూ కనిపిస్తారు. తప్పు పిల్లవాడిది కాదు. మన క్లారినెట్, ట్రంపెట్ లాంటి బి-ఫ్లాట్ వాయిద్యంలో "సి" అని రాసిన స్వరం ఊదితే, హార్మోనియం మీద రెండు మెట్లు కిందికి, అంటే ఆరున్నర శృతిలో పలుకుతుంది. తాతగారిని ఆరున్నరకు షడ్జమం పట్టమనండి. ఎండలో ఊదేటప్పుడు మాత్రం లోహం, లోపలి గాలి వేడెక్కి శృతి పెరుగుతుంది కనుక, రెండు నిమిషాలు ఊదించిన తరువాత ట్రంపెట్ శృతి సరిచేసే జారుడు గొట్టం, అంటే ట్యూనింగ్ స్లైడ్‌ను కొద్దికొద్దిగా బయటికి లాగి సరిచూసుకోవాలి.