పదహారు వచ్చాయి, మెమరీ మాత్రం రాలేదు: హ్యూజ్‌పేజీల చిక్కు

లక్షణం ఇది. లినక్స్ సర్వర్‌కు 1 జీబీ హ్యూజ్‌పేజీలు (పెద్ద పెద్ద ముక్కలుగా ముందే పక్కన పెట్టే మెమరీ) పదహారు కావాలని గ్రబ్ (సిస్టమ్‌ను బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్లో రాసి రీబూట్ చేశారు. డేటాబేసో, వర్చువల్ మెషీనో మెమరీ చాలదంటూ లేవనని మొండికేస్తోంది.

ముందు ఆ గ్రబ్ ఫైలు మూసేయండి. అందులో ఉండేది మీరు రాసిందే గానీ కెర్నల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, అందింది కాదు. అందినది చూడాలంటే ప్రాక్ డైరెక్టరీలోని సీఎండీలైన్ ఫైలు తెరవాలి. అక్కడ మీ మాట లేకపోతే, ఉబుంటులో అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొట్టడం మరిచిపోయారన్నమాట. ఈ ఒక్క చూపు చూడకుండానే నాకు ఫోన్ చేసేవాళ్లు బెంగళూరులో ఇంకా తగ్గలేదు.

అక్కడ అన్నీ ఉన్నా పని జరగకపోతే, వైట్‌ఫీల్డ్‌లో నన్ను ఒక రాత్రంతా జాగారం చేయించిన చిక్కే అయి ఉంటుంది. మారతహళ్లి నుంచి మా కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, మెమ్‌ఇన్ఫోలో హ్యూజ్‌పేజెస్ టోటల్ పదహారు అనే ఉంది" అన్నాడు. మెమ్‌ఇన్ఫో అంటే ప్రాక్‌లోనే మెమరీ లెక్కలు చూపే ఫైలు. అంకె సరిపోయింది కదా అని నేనూ నమ్మాను. ఆ వరుసకు నాలుగు వరుసల కింద, హ్యూజ్‌పేజ్ సైజు 2048 కేబీ అని ఉంది. తెల్లవారుజామున గానీ నా కళ్లు అక్కడికి పోలేదు. మేము 16 జీబీ అనుకుంటున్నది నిజానికి 32 ఎంబీ!

కెర్నల్ సీఎండీలైన్‌లోని ఆ లైనును ఎడమ నుంచి చదువుకుంటూ పోతుంది. మా వాడు సంఖ్య చెప్పే హ్యూజ్‌పేజెస్‌ను ముందు, సైజు చెప్పే హ్యూజ్‌పేజ్‌ఎస్‌జెడ్‌ను తర్వాత రాశాడు. అప్పటికి సైజు తెలియదు కాబట్టి పదహారునూ డీఫాల్ట్ సైజుకు, అంటే మన ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) మెషీన్లలో 2 ఎంబీకి, కట్టబెట్టేసింది. వెనకాల వచ్చిన 1జీకి సంఖ్యే లేదు. సైజు ముందు, దాని వెంటే సంఖ్య రాయండి. రెండు సైజులు కావాలంటే రెండు జంటలు.

అలా సరిచేశాక ఇంకో తిరకాసు: హ్యూజ్‌పేజెస్ టోటల్ ఇప్పుడు సున్నా చూపిస్తుంది. కంగారుపడి పాత లైను పెట్టేసినవాళ్లను చూశాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమే అది. ఆ వరుస డీఫాల్ట్ సైజు పేజీలనే లెక్కపెడుతుంది. కింద హ్యూజ్‌టీఎల్‌బీ అనే వరుసలో అన్ని సైజులూ కలిపి వస్తాయి; అక్కడ 16777216 కేబీ కనిపించాలి.

మిగతావి అరుదు. పదహారు అడిగితే పదకొండే వస్తే డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) ఆ మాట చెబుతుంది, ర్యామ్ చాలలేదు. వర్చువల్ మెషీన్‌లో 1 జీబీ సైజే కనిపించకపోతే సీపీయూ ఫ్లాగుల్లో (దానికి ఏమేం చేతనవునో చెప్పే జాబితాలో) పీడీపీఈ1జీబీ ఉందేమో చూడండి. ఆశకొద్దీ ఎక్కువ అడిగి మెషీనే లేవకపోతే, గ్రబ్ మెనూలో e అక్షరం నొక్కి ఆ సైజు-సంఖ్య జంటను చెరిపి బూట్ చేయండి. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే. ఫైలును కూడా సరిచేయాలి, ఆపైన అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి.