హాస్టల్‌లో కంట్రోలర్‌ను కనుక్కోలేని యాక్సెస్ పాయింట్లు: నా అనుభవం

విజయనగరంలో నేను నెట్‌వర్క్ చూసే కళాశాల కొత్త హాస్టల్‌లో ఎనిమిది యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) బిగించాం. అన్నింటికీ ఐపీ చిరునామా వచ్చింది కానీ, వాటన్నింటినీ ఒకచోటి నుంచి నడిపించే కంట్రోలర్ జాబితాలో ఒక్కటీ కనిపించలేదు. పరీక్షల వారంలో పిల్లలు సిగ్నల్ కోసం మెట్ల మీద కూర్చోవడం చూసి మనసు ఊరుకోలేదు.

ఒకదాన్ని విప్పి, కంట్రోలర్ ఉన్న సబ్‌నెట్‌లోనే (నెట్‌వర్క్‌లోని అదే భాగంలో) కలిపాను. కాసేపట్లో చేరిపోయింది! అప్పుడు అర్థమైంది. యాక్సెస్ పాయింట్ కంట్రోలర్ కోసం వేసే కేక బ్రాడ్‌కాస్ట్, అంటే చుట్టూ ఉన్న అన్ని పరికరాలకూ ఒకేసారి పంపే సందేశం. అది తన సబ్‌నెట్ గడప దాటదు. హాస్టల్‌ది వేరే సబ్‌నెట్. అందుకే కంట్రోలర్ చిరునామాను డీహెచ్‌సీపీలో (పరికరాలకు ఐపీ చిరునామాలు పంచే సేవలో) 43వ ఆప్షన్‌గా ఇచ్చాను. దాన్ని హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా ఉండే సంఖ్యా పద్ధతిలో) రాయాల్సి వచ్చింది. ప్రతి అంకెనూ రెండుసార్లు సరిచూడండి.

అయినా చేరలేదు. చూస్తే మధ్యలోని ఫైర్‌వాల్ అడ్డు. యాక్సెస్ పాయింట్, కంట్రోలర్ మాట్లాడుకునే పద్ధతి అయిన క్యాప్‌వాప్‌లో నియంత్రణ సందేశాలు యూడీపీ పోర్టు 5246లో, వాడుకరుల డేటా 5247లో వెళ్తాయి. రెండూ తెరిచాను.

ఒక్కొక్కటిగా చేరాయి. చేరగానే కంట్రోలర్ నుంచి సాఫ్ట్‌వేర్ దించుకుని తిరిగి మొదలవుతాయి. ఆ సమయంలో కరెంటు మాత్రం తీయకండి.